పటేల్‌గారి కోళ్ళషెడ్డులో వర్షావాసం

నేను చెబుతూ పోతాను, నువ్వు టైపు కొడుతూ పో. మధ్యలో ఆపి "అమ్మమ్మా, ఇది అవసరమా?" అని మాత్రం అడగకు. అవసరం లేనివే నాకు బాగా గుర్తుంటాయి.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి సిటీ శివార్లలో, సుచిత్ర దగ్గర ఇల్లు కట్టుకున్న కొత్తల్లో, అంటే తొంభైల్లో, మా కాలనీలో ఇళ్ళకంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. మీ తాతయ్య జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూసేవారు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని పోతే చీకటి పడ్డాకే రాక. మీ అమ్మ కాలేజీకి పోయేది. నాకేమో మాట్లాడ్డానికి మనుషులు కావాలి.

బౌద్ధం సంగతి నాకు బట్టలుతికే రాయి దగ్గర మొదలైంది. నవ్వకు, నిజం. మా పుట్టింటి పెరట్లో తెల్లగా, నున్నగా ఒక రాయి ఉండేది. తిరగేస్తే అడుగున తామరపువ్వు చెక్కి ఉండేది. కృష్ణ ఒడ్డున మా వైపు ఊళ్ళలో అలాంటి రాళ్ళు ఏ దొడ్లో చూసినా ఉండేవి. పాత స్తూపాల రాళ్ళని మాకేం తెలుసు? పెళ్ళయ్యాక ఒక మ్యూజియంలో అచ్చం అలాంటిదాన్నే అద్దం వెనక పెట్టి, ముట్టుకోవద్దని బోర్డు కట్టారు. "ఏమండీ, దీనిమీద మా నాన్న పంచెలు ఉతికేదాన్ని" అన్నాను గట్టిగా. కాపలా మనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ రాళ్ళు అంత ఓపిగ్గా చెక్కినవాళ్ళు అసలు ఏం నమ్మారో తెలుసుకోవాలని అప్పుడు పట్టుకుంది నాకు.

పట్టుకుంటే నేను వదుల్తానా? సిటీలో ఒక భిక్షువుగారు ఉన్నారని విని, ఆయన్ని మా ఇంటికి పిలిచాను. మన తెలుగాయనే. శ్రీకాకుళం వైపు పుట్టి, చిన్నతనంలోనే బర్మా వెళ్ళి చదువుకొచ్చారు. భిక్షువుల్ని "భంతే" అని పిలవాలి. ఆయన నెలకో ఆదివారం వచ్చేవారు. మిగతా ఆదివారాలు మేమే కూర్చుని తెలుగులో ఉన్న చిన్న చిన్న పుస్తకాలు చదువుకునేవాళ్ళం. కాలనీ ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు. బుద్ధుడు చెప్పిన దుఃఖం అంటే ఏమిటో భంతే వివరిస్తుంటే, ఒకాయన లేచి "ప్రమోషన్ రాకపోవడం కూడా ఇందులోకే వస్తుందాండీ?" అని అడిగాడు. "వచ్చాక మొదలయ్యేది కూడా వస్తుంది" అన్నారు భంతే.

మీ తాతయ్యకి ఇదంతా వినోదం. "ఏమోయ్, ఆయన ఇల్లు వదిలి అడవికి పోయి బుద్ధుడయ్యాడు. నువ్వు అడవిలో ఉన్న జనాన్నంతా ఇంట్లోకి తోలుతున్నావు" అనేవారు. అంటూనే కుర్చీలు సర్దేవారు.

చదువు వరకు మా వరండా సరిపోయింది. ధ్యానానికి కూర్చుంటేనే వచ్చింది చిక్కు. మేడ్చల్ రోడ్డు మీద లారీల హారన్లు. పక్కింటివాళ్ళ మిక్సీ. మా కుక్కర్ అయితే సరిగ్గా అందరికీ మనసు నిలిచిందనుకునే వేళకి కూసేది. ఒకావిడ కళ్ళు మూసుకునే "మూడో విజిల్, కట్టేయండి వదినా" అనేది. ఒక్కొక్కరే మానడం మొదలుపెట్టారు. పన్నెండుమందిమి అయిదుగురిమయ్యాం.

ఆ అయిదుగురిలో ఒకతి పటేలమ్మ.

ఆమెది లాల్‌గడి మలక్‌పేట, షామీర్‌పేట అవతల. వాళ్ళాయన్ని ఊళ్ళో అందరూ పటేల్ అనేవారు. మామిడితోట, పొలాలు, కొత్తగా ప్లాట్ల వ్యాపారం. వచ్చే ఎన్నికల్లో సర్పంచ్ కావాలని కోరిక. ప్లాటు చూద్దామని మేం ఆ ఊరు వెళ్ళినప్పుడు, ఎండలో నిలబడ్డ నన్ను చూసి పటేలమ్మ లోపలికి పిలిచింది. "రా అక్కా, కూసో. సల్ల తాగుతవా?" అని పెద్ద లోటాతో మజ్జిగ ఇచ్చింది. మేం ప్లాటు కొనలేదు గానీ స్నేహం కుదిరింది. నేను తరగతి సంగతి చెబితే, ఆ వచ్చే ఆదివారమే రెండు బస్సులు మారి వచ్చేసింది. ఆ తర్వాత ఒక్క వారం మానలేదు.

"ఎందుకమ్మా ఇంత దూరం?" అని అడిగాను ఒకసారి.

"మా ఇంట్ల అందరు మాట్లాడెటోళ్ళే అక్కా, చుప్ కూసునేటోళ్ళు ఒక్కలు లేరు. ఈడ అరగంటసేపు నన్ను ఎవ్వలు పిలువరు. గదే నాకు మస్తు."

ఆ యేడు వేసవి చివర భంతే ఒక మాట చెప్పారు. ఆషాఢ పౌర్ణమి మర్నాటి నుంచి మూడు నెలలు భిక్షువులు ఊళ్ళు తిరగకూడదట. వానాకాలమంతా ఒకేచోట ఉండి చదువుకోవాలి, నేర్పాలి. దాన్ని వర్షావాసం అంటారు. దూరపు పట్నంలో ఒక విహారంవాళ్ళు ఆయన్ని రమ్మని అడుగుతున్నారట. "ఇక్కడెక్కడైనా చోటుంటే ఉంటాను. లేకపోతే అక్కడికే వెళ్తాను" అన్నారు.

ఆయన వెళ్ళిపోతే మా అయిదుగురి తరగతి దీపావళి దాకా కూడా బతకదని నాకు తెలుసు. ఉంటే మాత్రం, మూడు నెలలు రోజూ ఆయన దగ్గర చదువు! ఎంత చోటు కావాలి భంతే అని అడిగాను. పైన కప్పు, చుట్టూ గోడలు, మూసుకునే తలుపు. ఈ మూడూ ఉన్న గది ఏదైనా చాలట. తలుపు లేనిచోట వర్షావాసం ఉండకూడదని నియమం.

"మా కోళ్ళషెడ్డు ఖాళీగనే ఉన్నది" అంది పటేలమ్మ. మేత ధరలు పెరిగి కోళ్ళు పెంచడం మానేశారట. మామిడితోట మధ్యలో పొడవాటి షెడ్డు, చివర మేత దాచే గది. చుట్టుపక్కల చప్పుడనేదే లేదు. నేనక్కడికక్కడే ఆమె చేతులు పట్టుకున్నాను.

పటేల్‌గారు కూడా వెంటనే ఒప్పుకున్నారు. "సామి అస్తే ఊరికే మంచిది. ముందుగాల మా ఇంటికి భోజనానికి తోల్కరాండ్రి" అన్నారు. భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే తినరని, గిన్నెలో ఎవరైనా చేతితో పెడితేనే తింటారని నేను పటేలమ్మకి చెప్పాను. మాంసం సంగతి నేను చెప్పలేదు, ఎందుకంటే అది ఆమెకి ముందే తెలుసు. అంతకుముందు వారమే తరగతిలో ఎవరో "మీరు మాంసం తింటారా భంతే?" అని అడిగారు. "భిక్షువు అది కావాలి, ఇది వద్దు అనడు. పెట్టింది తింటాడు. అయితే ఒక్కటి..." అంటుండగా మా కుక్కర్ కూసింది, నేను లోపలికి పరిగెత్తాను, మాట వేరే దారి పట్టింది. పటేలమ్మ ఆ సగం మాట పట్టుకెళ్ళి మొగుడికి చెప్పింది.

పటేల్‌గారికి అంతకంటే ఏం కావాలి? వాళ్ళ ఇళ్ళలో గొప్ప చుట్టం వస్తే నాటుకోడి కొయ్యాలి. కోస్తే సరిపోదు, చుట్టం వినేలా చెప్పాలి. చెప్పకపోతే ఆ మర్యాద పూర్తి కానట్టే.

మేం వెళ్ళేసరికి ఇల్లంతా జనం. పటేల్‌గారి బామ్మర్ది, అన్నదమ్ములు, ఊరి పెద్దలు. భంతేని పీట మీద కూర్చోబెట్టారు. అన్నం పెట్టారు, పప్పు పెట్టారు, పుంటికూర పెట్టారు, అంటే మన గోంగూరే. అప్పుడు పటేల్‌గారు స్వయంగా గిన్నె పట్టుకొచ్చారు. మసాలా వాసన తోటదాకా పోయుంటుంది.

"సామీ, మీ కోసమనే పొద్దుగాల కోపిచ్చిన. మా ఇంట్ల పెరిగిన కోడి. తొడముక్క మీకే!"

భంతే తన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది నేను తీసుకోకూడదు నాయనా. నా కోసం ఒక ప్రాణం తీశారని విన్నాక తినకూడదని మాకు నియమం" అన్నారు మెల్లగా.

పటేల్‌గారు గరిటె ఎత్తినవారు ఎత్తినట్టే ఉన్నారు. వెనక నుంచి బామ్మర్ది కిసుక్కున నవ్వాడు. "బావా, నీ కోడిని సామి వాపస్ జేసిండు!"

"నువ్వు నోరు ముయ్యి" అని బామ్మర్దిని కసిరి, పటేల్‌గారు మళ్ళీ భంతే వైపు తిరిగారు. ఓడిపోవడం ఆయన ఒంట్లో లేదు. "గట్లనా? అయితే గిది మీ కోసం గాదు సామీ. గీ బామ్మర్దిగాని కోసం కోపిచ్చిన అనుకోండ్రి."

"విన్నాను కదా. వినలేదని ఎలా అనుకోను?" అని నవ్వారు భంతే. పుంటికూర ఇంకొంచెం పెట్టించుకుని ఇష్టంగా తిన్నారు. కానీ ఆ పూట ఎవరూ ఆ పుంటికూరని లెక్కలోకి తీసుకోలేదు. మేం బయల్దేరేటప్పుడు షెడ్డు మాట ఎత్తితే, పటేల్‌గారు మీసం సవరించుకుంటూ "సూద్దాం తియ్యమ్మా. మా కూడు తినని సామి మా షెడ్డుల ఎట్లుంటడు?" అన్నారు.

పౌర్ణమి మూడు రోజుల్లోకి వచ్చింది. బస్సులో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మీ తాతయ్య నన్ను ఓదార్చాలనుకుని "పోనీలే, మొత్తానికి వాళ్ళ బామ్మర్దికి రెండు తొడముక్కలూ దక్కాయి" అన్నారు. అప్పుడు నేను ఆయన్ని చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదంటారు.

ముందు సీట్లో కూర్చున్న భంతే వెనక్కి తిరిగారు. "ఆయన బాధపడటం న్యాయమే. ఇంట్లో ఉన్న మంచిది తెచ్చి పెడితే వద్దన్నాను. రేపు పొద్దున వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడతాను. వాళ్ళు తమకోసం వండుకున్నదాంట్లో ఒక ముద్ద పెడితే చాలు" అన్నారు.

ఇంటికి రాగానే పటేలమ్మకి ఫోన్ చేశాను. "చెల్లెమ్మా, రేపు పొద్దున భంతే గిన్నె పట్టుకుని మీ ఇంటికొస్తారు. ఆయన కోసం ఏమీ వండొద్దు. మీరు తినేదాంట్లో ఇంత పెట్టు."

"అక్కా, గంత పెద్ద సామి మా వాకిట్ల అడుక్కోను అస్తడా? మా ఆయన ఇజ్జత్ పోయిందని ఉరికురికి దుంకుతడు!"

"అడగడమ్మా. నోరు తెరవడు. ఊరికే నిలబడతాడు. పెడితే తీసుకుంటాడు, లేకపోతే వెళ్ళిపోతాడు."

"గట్లనా..." అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఈయనకు చెప్ప. చెప్తే రాత్రే మేకను కోపిస్తడు" అంది.

మర్నాడు మొదటి బస్సుకే భంతే, మీ తాతయ్య, నేను ముగ్గురం వెళ్ళాం. మేం దూరంగా ఆగిపోయాం, భంతే ఒక్కరే ముందుకెళ్ళి పటేల్‌గారి వాకిట్లో తల వంచుకుని నిలబడ్డారు. కుక్క మొరిగింది. పటేల్‌గారు బనీను, లుంగీతో, నోట్లో వేపపుల్లతో బయటికొచ్చి బిక్కచచ్చిపోయారు.

"అరె, సామి! ఏ, కుర్సీ దేండ్రిరా! జల్దీ! సామి నిలవడ్డడు!"

కుర్చీ వచ్చింది. భంతే కూర్చోలేదు, కదల్లేదు. అప్పుడు పటేలమ్మ పళ్ళెంలో జొన్నరొట్టె, వంకాయ కూర పట్టుకుని వచ్చింది. పటేల్‌గారి మొహం చూడాలి!

"ఏందే గిది? గా రొట్టెనా పెట్టేది? సామికా? ఊరంత సూస్తాంది, నా ఇజ్జత్ దీస్తున్నవ్!"

"మనం తినేదే తింటడు ఆయన. నువ్వు ఆయన కోసమని చేసింది నిన్న తిన్నడా? సూసినవ్ గద. జరుగు."

పటేల్‌గారు జరిగారు. ఆమె చెప్పులు విడిచి, కొంగు నిండా కప్పుకుని, రొట్టె, కూర గిన్నెలో పెట్టింది. పటేల్‌గారు ఒక్క క్షణం చూశారు. వేపపుల్ల పారేసి, బోరింగు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుని, లోపలికి పోయి తన కోసం పెట్టుకున్న రొట్టె తీసుకొచ్చారు. "గిది నాది సామీ. నాకోసమే జేసింది. ఒట్టు" అన్నారు. భంతే గిన్నె ముందుకు చాపారు.

పెట్టినవాళ్ళిద్దరికీ మేలు జరగాలని భంతే పాళిలో నాలుగు ముక్కలు చదివి, పక్కింటి ముందుకు వెళ్ళి నిలబడ్డారు. ఆ ఇంటామె అన్నం పెట్టింది. ఆ పై ఇల్లు పటేల్‌గారికి ఎన్నికల్లో పోటీ ఉన్నాయనది. అక్కడ కూడా ఎవరో బెల్లంముక్క తెచ్చి పెట్టారు. ఒక ముసలావిడ "తొలిముద్ద ఎవ్వలింట్ల పెట్టిండ్రు?" అని అడిగింది. పటేల్‌గారు అప్పటికే భంతే వెనకాల లుంగీ ఎగ్గట్టుకుని నడుస్తున్నారు, పిలిచినట్టు పలికారు. "మా ఇంట్లనే! నా చేత్తోని పెట్టిన. మా ఇంటి నుంచే షురువైంది!" పోటీ ఆయన ఇంటి ముందు ఆ మాట రెండుసార్లు చెప్పారు.

ఊరి చివర భంతే చెట్టు నీడన కూర్చుని తిన్నారు. పటేల్‌గారు కాస్త దూరంలో నిలబడి, తన రొట్టె ముక్క ఆయన నోట్లోకి వెళ్ళేదాకా చూసి, అప్పుడు నా దగ్గరికొచ్చారు.

"ఇగ జెప్పమ్మా. షెడ్డుకు ఏం గావాలె?"

అందరం షెడ్డుకి వెళ్ళాం. మేతగదికి కప్పుంది, గోడలున్నాయి. తలుపే లేదు. పాతదాన్ని చెదలు తినేశాయట. తలుపు లేకపోతే ఉండకూడదంటే పటేల్‌గారు మొదట నమ్మలేదు. "దొంగలకు భయమా? సామి దగ్గర ఏమున్నది?" అన్నారు. నియమమని చెబితే, "కోడి నియమం, తలుపు నియమం. మీ సామి మా పంచాయతీ సెక్రటరీ కంటె సక్త్ ఉన్నడు" అన్నారు. వడ్రంగి కోసం కబురంపితే, అతను వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు, వారం దాకా రాడు.

పౌర్ణమి నాటికి మేం గది కడిగి, సున్నం వేసి, చాప పరిచి కూర్చున్నాం. తరగతిలోని బ్యాంకు ఆయన సెలవు పెట్టి మరీ వచ్చి బకెట్లు మోశాడు. భంతే తన సంచీతో మామిడిచెట్టు కింద ఉన్నారు. తలుపు రాకపోతే మర్నాడు పొద్దున్నే ఆయన రైలెక్కాలి. సాయంత్రం నాలుగవుతుండగా ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. పటేల్‌గారు తోలుకొస్తున్నారు. వెనక ట్రాలీలో బామ్మర్ది ఒక తలుపుని రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. రోడ్డు పక్కన పటేల్‌గారు ప్లాట్లు అమ్ముకునే ఆఫీసు గది ఉండేది చూశావూ, దాని తలుపు ఊడదీసి తెచ్చేశారు! దానిమీద ఎర్రరంగుతో అడ్డంగా రాసుంది: ప్లాట్లు అమ్మబడును.

"చెరిపేద్దామా?" అని అడిగాడు బామ్మర్ది.

"ఉండనీ తియ్యి. రంగు పైసలు దండగ" అన్నారు పటేల్‌గారు.

మీ తాతయ్య దానికి మేకులు కొడుతూ, "భంతే, ఇల్లూ వాకిలీ వదిలేశానంటారు, మీ తలుపేమో ఇలా అంటోంది" అన్నారు. భంతే అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. ఆ తలుపు తీసి, వేసి, గొళ్ళెం పడుతుందో లేదో చూసుకుని, "సరిపోయింది" అన్నారు. ఆ మాట కోసం నేను బస్సుల్లో ఎన్ని మొక్కులు మొక్కానో ఆయనకి తెలిస్తే, మళ్ళీ ఇంకో పాఠం చెప్పేవారు. మర్నాడు పొద్దున్నే మా అందరి ముందూ, ఈ మూడు నెలలు ఇక్కడే ఉంటానని పాళిలో పలికారు. పటేలమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

ఆ సాయంత్రం షెడ్డులో మొదటి తరగతి. మా కాలనీవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు కలిసి చాపలు చాల్లేదు. మానేసినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు. పటేల్‌గారు ముందు వరసలో, మెత్త వేసుకుని కూర్చున్నారు. భంతే పుస్తకం తెరిచి రెండు వాక్యాలు చదివారో లేదో, వాన మొదలైంది. పైన సిమెంటు రేకులు కదా, వెయ్యి డప్పులు కొట్టినట్టు మోత. భంతే పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం వినిపించదు.

"సామీ, ఇనవడ్తలేదు!" అని అరిచారు పటేల్‌గారు.

భంతే పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

పటేల్‌గారు అటూ ఇటూ చూసి, పెళ్ళాన్ని మోచేత్తో పొడిచారు. "ఇగ ఏం జెయ్యాలెనే?"

"నోరు మూస్కో, కండ్లు మూస్కో" అంది పటేలమ్మ. అప్పటికే ఆమె మూసేసుకుంది.

ఆయనా మూసుకున్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను, నిజంగానే మూసుకున్నారు. వాన వెలిసేదాకా ఎవరూ కదల్లేదు. రేకుల మీంచి చివరి చినుకులు రాలుతుండగా పటేల్‌గారు కళ్ళు తెరిచి, నిద్రలేచిన పిల్లాడిలా చుట్టూ చూశారు.

"అయిపాయెనా సామీ? మళ్ళ ఎప్పుడు?"

"రేపు" అన్నారు భంతే. "మూడు నెలలు ఉంటానుగా."